డోనల్ ఈస్ట్‌కి నా కాపలా

పదిహేడేళ్ళు బీరు సామాన్ల కొట్లో పనిచేసి, ఒక్క గుక్క కూడా తాగకుండా రిటైరైన మనిషిని నేను. గొప్పకి చెప్పడం లేదు. ఈ పనికి ముక్కు చాలు, గొంతు అక్కర్లేదని చెప్పడానికి చెబుతున్నాను. ఈమధ్య ఐర్లండ్‌లో మన పిల్లలు ఇద్దరు ముగ్గురు చిన్న చిన్న బీరు తయారీ కేంద్రాల్లో ఈస్ట్ చూసుకునే ఉద్యోగాల్లో చేరారు. "ఆంటీ, అసలా పని ఎలా ఉంటుంది?" అని ఫోన్ చేశారు. చెబుతూ చెబుతూ పోపు మాడ్చుకున్నాను. మాడిన పోపు సాక్షిగా ఇక రాసివ్వడమే మేలనుకున్నాను.

జీతం ఎప్పుడు పెరిగింది, ఏ సర్టిఫికెట్టు ఎప్పుడొచ్చింది లాంటివి ఇందులో ఉండవు. అవి తెలుసుకుని మీరు చేసేదేమీ లేదు. నేను చేసిన తప్పులు మాత్రం పనికొస్తాయి. వాటిలో ఒకటి చాలా పెద్దది.

ఉద్యోగం ఇచ్చిన అరటిపండు

డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ కంపెనీలు వానాకాలం పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులు. డబ్లిన్‌కి గంట దూరంలోని నేవన్‌లో మేమున్న ఎస్టేట్‌లో, అంటే ఇళ్ళ కాలనీలో, వారానికో తెలుగు కుటుంబం దిగేది. మా ఆయన సుధాకర్ అలా వచ్చినవాళ్ళలో ఒకరు, నేను ఆయన వెనకాల వచ్చిన సామానులో ఒకదాన్ని. తెనాలిలో నేను డిగ్రీ కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పేదాన్ని. ఇక్కడ పనిచేసే అనుమతి చేతికొచ్చేసరికే నాలుగేళ్ళు పట్టింది. ఇంకో రెండేళ్ళు మందుల ఫ్యాక్టరీలకి దరఖాస్తులు పెట్టాను. అందరూ "ఐరిష్ అనుభవం ఉందా?" అని అడిగేవారు. వర్షంలో బట్టలారేసి తీయడం తప్ప నాకు వేరే ఐరిష్ అనుభవం లేదు.

డబ్లిన్ అంచున క్లాండాల్కిన్‌లో ఒక ఇండస్ట్రియల్ ఎస్టేట్ చివర, ఇంట్లో బీరు చేసుకునేవాళ్ళకి సామాన్లమ్మే కొట్టు ఉండేది. బకెట్లు, సీసాలు, మాల్ట్ అనే మొలకెత్తించిన బార్లీ, వెనక గదిలో చిన్న ఈస్ట్ ల్యాబ్. యజమాని డోనల్, యాభై దాటిన మనిషి, చొక్కా గుండీలు ఎప్పుడూ ఒకటి తప్పి పెట్టుకునేవాడు. ఇంటర్వ్యూలో నన్నేమీ అడగలేదు. ఒక గాజు బీకరు ముక్కు దగ్గర పెట్టి, ఏం తెలుస్తోందో చెప్పమన్నాడు.

"చక్కెరకేళి అరటిపండు. తర్వాత లవంగం. చివర్లో దోర జామకాయ," అన్నాను.

చక్కెరకేళి అంటే ఏమిటన్నాడు. అక్కడ నాకు ఆవేశం వచ్చింది. తెనాలి అరటిపళ్ళ గురించి పది నిమిషాలు చెప్పాను. ఆయన చేతులు కట్టుకుని మొత్తం విని, "గ్రాండ్. సోమవారం వచ్చెయ్," అన్నాడు.

బీకరులో ఉన్నది ఆయన సొంత ఈస్ట్. పెళ్ళయిన కొత్తలో డోనల్, ఆయన భార్య మొరీన్ సైకిళ్ళ మీద బెల్జియం తిరిగి, అక్కడి పల్లెటూళ్ళో కొన్న ఒక సీసాని జాగ్రత్తగా ఇంటికి తెచ్చారట. బెల్జియం బీర్లలో చాలావాటికి సీసా అడుగున బతికున్న ఈస్ట్ కొద్దిగా పేరుకుని ఉంటుంది. పైన బీరు ఇద్దరూ తాగి, అడుగున మిగిలిన మడ్డికి మాల్ట్ నీళ్ళు పట్టించి డోనల్ దాన్ని పెంచాడు. ఇరవై ఏళ్ళకి పైగా బతికించుకుంటూ వచ్చాడు. ఇంకెక్కడా దొరకదు. దాన్ని పెట్టిన ఫ్రిజ్ తాళంచెవి నా చేతికిచ్చాడు. ఆరేళ్ళ పాటు "సుధాకర్ గారి మిసెస్"గా ఉన్నదాన్ని, ఆ చెవి పట్టుకుని కార్ పార్కులో కాసేపు ఏడ్చాను.

ఇంట్లో మాత్రం రొట్టెల ఈస్ట్ కంపెనీ అని చెప్పాను. అంటే మా ఆయనకి నిజం తెలుసు. ఎస్టేట్‌లో మనవాళ్ళకీ, తెనాలిలో అత్తయ్యకీ రొట్టె అని చెప్పాను. నిష్ఠగా ఉండే ఇంటి కోడలు బీరు కొట్లో పనిచేస్తోందని నలుగురూ చెప్పుకోవడం ఊహించుకోలేకపోయాను. చిన్న అబద్ధమే కదా అనుకున్నాను. దాని సంగతి వస్తుంది.

ఎంచుకోవడం, లేదా నవీన్ తెల్ల చొక్కాలు

కొత్తవాళ్ళు కౌంటర్ దగ్గరికి వచ్చి మొదట అడిగేది, ఏ ఈస్ట్ మంచిదని. ఇది ఏ కోడలు మంచిదని అడిగినట్టే. ఏ ఇంటికి అని ఎదురడగాలి. నేను మూడే ప్రశ్నలడిగేదాన్ని. మీ ఇల్లు ఎంత వెచ్చగా ఉంటుంది? ఎన్నాళ్ళు ఆగగలవు? ఏ వాసన కావాలి? ఇంత చెబితే మిగతాది నేను చూసుకునేదాన్ని.

బెల్జియం తరహా బీరులో రుచి సగం పైగా ఈస్ట్‌దే. అదే మాల్ట్ నీళ్ళు, ఈస్ట్ మారిస్తే ఒకటి మిరియాల వాసన వేస్తుంది, ఒకటి లవంగం, ఒకటి అరటిపండు. వెచ్చగా పెడితే పళ్ళ వాసన పెరుగుతుంది. మరీ వెచ్చగా పెడితే గోళ్ళ రంగు వాసనొస్తుంది. మొదటి రెండు రోజులు చల్లగా ఉంచి, తర్వాత మెల్లగా వెచ్చబడనివ్వడం దాదాపు ఎప్పుడూ క్షేమం. సీసా అడుగు మడ్డి నుంచి ఈస్ట్ తీయాలనుకునేవాళ్ళకి ఇంకో మాట. కొత్త సీసా, తక్కువ ఘాటు, అంటే ఆల్కహాల్ తక్కువ ఉన్నది చూసి కొనండి. కొందరు తయారీదారులు సీసాలో నింపేటప్పుడు వేరే ఈస్ట్ వేస్తారు, ఆ సంగతి ముందే కనుక్కోండి. లేకపోతే నెలంతా పెంచి, పక్కింటివాడి బిడ్డని పెంచానని తెలుసుకుంటారు.

నవీన్ నా మొదటి తెలుగు కస్టమరు. హనుమకొండ కుర్రాడు, సాఫ్ట్‌వేర్, మా ఎస్టేట్‌లోనే ముగ్గురు స్నేహితులతో అద్దెకి ఉండేవాడు. కౌంటర్ వెనక నన్ను చూసి వచ్చిన దారినే వెళ్ళిపోబోయాడు. నేనూ బల్ల కిందకి వంగబోయాను. ఇద్దరం ఒకేసారి పట్టుబడ్డాం.

"ఆంటీ, మీది రొట్టెల కంపెనీ అన్నరు గద?"

"నువ్వు శనివారం గుడికి వెళ్తున్నానన్నావు కదా?"

ఒప్పందం కుదిరింది. తర్వాత బేరం మొదలైంది.

"ఆంటీ, జల్ది అయ్యేది కావాలె. మంచి ఘాటుండాలె."

"మీ ఇల్లు వెచ్చగా ఉంటుందా?"

"యాడ ఆంటీ! హీటింగ్ ఆన్ జేస్తే మావోల్లు కొట్లాటకొస్తరు."

అలాంటి ఇంట్లో సైజాన్ ఈస్ట్ వద్దని చెప్పాను. అది పొలం పనుల కాలంలో తాగే బీరుకి వాడే ఈస్ట్, దానికి వేడి కావాలి. చలేస్తే సగంలో ఆగి పడుకుంటుంది, పని అయిపోయిందని మనం మోసపోతాం. నవీన్ విన్నట్టే తలూపి అదే కొనుక్కెళ్ళాడు, ప్యాకెట్ మీద బొమ్మ నచ్చిందట. పదో రోజుకి బుడగలు ఆగిపోయాయి. అయిపోయిందనుకుని సీసాల్లో పట్టాడు. ఎక్కడ దాచాడంటే హాట్ ప్రెస్‌లో. ఇక్కడి ఇళ్ళలో వేడినీళ్ళ ట్యాంకు ఉండే చిన్న బీరువా గది అది. ఐరిష్ వాళ్ళు అందులో తువ్వాళ్ళు ఆరబెట్టుకుంటారు, మనవాళ్ళు ఇడ్లీ పిండి పులియబెట్టుకుంటారు. ఆ వెచ్చదనానికి పడుకున్న ఈస్ట్ లేచి కూర్చుని మిగిలిన పని పూర్తి చేసింది. పదకొండు సీసాలు ఒకదాని తర్వాత ఒకటి పేలాయి. పక్కనే ఇస్త్రీ చేసి పెట్టుకున్న నలుగురి చొక్కాలూ తడిశాయి. వేరే లేక అవే తొడుక్కుని నలుగురూ ఆఫీసులకి పోతే, నవీన్ మేనేజర్ అతన్ని పక్కకి పిలిచి, ఇంట్లో అంతా బాగానే ఉందా అని ఎంతో దయగా అడిగాడట.

కస్టమర్లు మన మాట వినరు. వినలేదని కోపం తెచ్చుకోకండి. చొక్కాలు ఉతికేటప్పుడు వాళ్ళకే మీరు గుర్తొస్తారు.

తిరిగి వాడటం, లేదా నా అహంకారం

ఈస్ట్ ఒకసారి వాడి పారేసేది కాదు. బీరు సీసాలకెక్కాక బకెట్ అడుగున చిక్కటి మడ్డి మిగులుతుంది. కాచి చల్లార్చిన నీళ్ళు దాని మీద పోసి కాసేపు వదిలేస్తే చెత్త కిందకి దిగుతుంది, మధ్యలో మీగడలాంటి పొర నిలుస్తుంది. అదే మంచి ఈస్ట్. శుభ్రమైన సీసాలోకి వంపుకుని, మూత బిగించకుండా ఫ్రిజ్‌లో పెట్టి, రెండు వారాల్లోపు మళ్ళీ వాడుకోవాలి. తేలికపాటి బీరు నుంచి ఘాటైనదానికి వెళ్ళాలి గానీ, ఘాటైనదాని నుంచి వెనక్కి రాకూడదు. ఘాటు బీరులో పనిచేసిన ఈస్ట్ మారథాన్ పరిగెత్తి వచ్చిన మనిషి, దాన్ని మళ్ళీ పరిగెత్తమనకండి.

డోనల్‌కి ఒక నియమం ఉండేది. ఒక ఈస్ట్‌ని అయిదుసార్లకి మించి వాడొద్దు. ఆరోసారికి తల్లి గొట్టం దగ్గరికి వెళ్ళాలి. తల్లి గొట్టాలంటే గాజు గొట్టాల్లో అగర్ అనే జెల్లీ మీద పెంచి ఫ్రిజ్‌లో దాచిన అసలు ఈస్ట్. వాటిని కూడా కొన్ని నెలలకోసారి కొత్త గొట్టాల్లోకి మార్చాలి.

నాకది చాదస్తంగా అనిపించింది. మా అమ్మ నిన్నటి పెరుగుతో ఇవాళ పాలు తోడుపెట్టేది. నలభై ఏళ్ళు అదే తోడు. ఎన్నడూ తల్లి గొట్టం దగ్గరికి పోలేదు. ఎమ్మెస్సీ చదివిన నాకు పెరుగు తోడుకీ బీరు ఈస్ట్‌కీ తేడా తెలియదా? తెలుసు. తెలిసీ, మా అమ్మ కంటే డోనల్‌కి ఎక్కువ తెలుసా అన్న పొగరు. అయిదు దాటించాను. ఆరు బాగుంది. ఏడు ఇంకా బాగుంది. ఎన్నిసార్లయిందో లెక్కకి పుస్తకంలో గీతలు పెట్టడం మానేశాను. లెక్క పద్నాలుగో పదిహేనో దాకా వెళ్ళిందనుకుంటాను. ఇంత బాగా నడుస్తుంటే తల్లి గొట్టాలెందుకని, వాటిని మార్చడం కూడా ఏడాదిన్నర వాయిదా వేశాను.

ఒక వారంలో ఇద్దరు కస్టమర్లు సీసాలు తిరిగి పట్టుకొచ్చారు. వాసన చూశాను. అరటిపండు లేదు, జామకాయ లేదు. దెబ్బ తగిలితే అతికించే పట్టీ వాసన. తిరిగి తిరిగి వాడేసరికి మడ్డిలో ఏదో అడవి ఈస్ట్ చేరి, అసలుదాన్ని తరిమేసింది.

డోనల్ కంగారు పడలేదు. "అలా అవుతూ ఉంటుంది. తల్లి గొట్టం తీసి కొత్తగా మొదలుపెట్టు. పెళ్ళి బీరుకి కూడా అదే," అన్నాడు.

పెళ్ళి ఆయన ఒక్కగానొక్క కూతురిది. ఇంకా పది వారాలుంది. తన పెళ్ళిరోజుల నాటి ఈస్ట్‌తో తన చేత్తో కాచిన బీరు ఆ పెళ్ళిలో పోస్తానని, ఆ అమ్మాయి బడికి వెళ్ళే రోజుల్లోనే మాటిచ్చాడట. ఆయన కౌంటర్ దగ్గర ఏ కస్టమరు దొరికినా ఆ సంగతే చెప్పేవాడు.

ఫ్రిజ్ తెరిచి గొట్టాలు చూశాను. అగర్ ఎండి గాజు నుంచి విడిపోయి, పాత అప్పడంలా ముడుచుకుని ఉంది. అయినా మాల్ట్ నీళ్ళలో వేసి చూశాను. మూడు రోజులైనా ఒక్క బుడగ లేదు. డోనల్ తొంగిచూసి, ఎలా ఉందన్నాడు.

"వస్తోంది, నిద్రలేవడానికి టైం పడుతుంది," అన్నాను. ఉద్యోగంలో నేను ఆయనకి చెప్పిన మొదటి అబద్ధం అది.

ఎందుకు చెప్పానంటే, నాకింకో ఆశ ఉంది. రెండు నెలల ముందు కొట్లో కరెంటు పనులు జరిగినప్పుడు, మంచి రోజుల నాటి ఈస్ట్ ఒక జాడీ నిండా మా ఇంటి ఫ్రిజ్‌లో పెట్టి ఉంచాను. డోనల్ సరేనన్నాడు, తర్వాత ఇద్దరం మర్చిపోయాం. ఆ సాయంత్రం మోటార్‌వే మీద నేను నడిపిన వేగం గార్డలు, అంటే ఇక్కడి పోలీసులు, చూడకపోవడం నా అదృష్టం.

తెనాలి గ్రహణం

ఇంటికెళ్ళి ఫ్రిజ్ తెరిచాను. జాడీ లేదు. వంటింటి అల్మారా తెరిస్తే అక్కడుంది. తళతళ మెరుస్తోంది. నిండా కందిపొడి.

అప్పటికి మా అత్తయ్య కామేశ్వరమ్మ గారు ఆరు నెలల వీసా మీద వచ్చి నాలుగు నెలలైంది. నిటారైన మనిషి. వచ్చిన రోజు నుంచి ఆవిడకి ఐర్లండ్‌తో ఉన్న తగాదా ఒక్కటే, ఇక్కడ ఇడ్లీ పిండి పొంగదు.

"అత్తయ్యా, ఈ జాడీలో ఉన్నదేమైంది?"

"ఏదీ, ఆ తెల్లటి జారుడు పిండా? మూడు వారాలైందిగా. ఇడ్లీ పిండిలో కలిపాను."

"అది మా ఆఫీసుది అత్తయ్యా."

"తెలుసమ్మాయ్. రొట్టెలు పొంగడానికని నువ్వేగా చెప్పావు. రొట్టె పొంగితే ఇడ్లీ పొంగదా? ఎంత బాగా పొంగిందనుకున్నావు! గిన్నె మూత లేపేసి హాట్ ప్రెస్‌లో తువ్వాళ్ళ మీదకి పాకింది."

నాకు గుర్తొచ్చింది. మూడు వారాల క్రితం ఆదివారం ఎస్టేట్‌లో వాళ్ళందర్నీ భోజనానికి పిలిచాం. దూదుల్లాంటి ఇడ్లీలని అందరూ మెచ్చుకున్నారు. ఏదో అరటిపండు పరిమళం వేస్తోందని, పిండిలో ఏం కలిపారని ఒకావిడ అడిగింది కూడా. పదిహేడేళ్ళ ఉద్యోగంలో గర్వపడ్డ ముక్కు నాది. ఆ రోజు జలుబు చేసింది. ఎనిమిది ఇడ్లీలు తిని నోరు మూసుకున్నాను.

అంతలో ఆలోచన తట్టింది. ఇడ్లీ ఉడికితే ఈస్ట్ చస్తుంది. కానీ అత్తయ్య ప్రతిసారీ పాత పిండి ఒక గరిటెడు తీసి ఉంచి, కొత్త పిండిలో కలుపుతారు. ఆ గరిటెడులో అది బతికే ఉంటుంది!

"పాత పిండి ఉందా అత్తయ్యా? గరిటెడైనా?"

"ఎక్కడుందీ? మొన్న గ్రహణానికి అంతా పారబోశాగా."

"గ్రహణం ఇక్కడ కనపళ్ళేదు కదా!"

"తెనాలిలో కనపడింది."

నేను ఫ్రిజ్ మళ్ళీ తెరిచి అరలన్నీ వెతికాను.

"దర్భ ఉంటే వేసి ఉంచుకునేదాన్ని. నేవన్‌లో దర్భెక్కడ దొరుకుతుంది? ఆ సూపర్‌మార్కెట్లో అడిగితే కొత్తిమీర చూపించారు," అన్నారావిడ.

నేను నవ్వలేదు. ఇప్పుడు నవ్వుతున్నాను గానీ, ఆ రోజు నా కళ్ళముందు డోనల్ కూతురి పెళ్ళి కనబడింది. గుండీలు తప్పి పెట్టుకున్న ఆ మనిషి, నలుగురిలో నిలబడి, మాటిచ్చిన బీరు లేదని చెప్పుకోవడం కనబడింది. నన్ను నమ్మి తాళంచెవి చేతికిచ్చిన మొదటి మనిషి ఆయనే ఈ దేశంలో. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

నా ముఖం చూసి అత్తయ్య మెత్తబడ్డారు. "ఎందుకే అంత బెంగ? మనింట్లో లేకపోతేనేం, పిండి తలా కాస్తా ఇచ్చానుగా."

"ఎవరికి?"

"ఎదురింటావిడకి, ఆ మూలింటావిడకి, ఇంకా నన్ను గుడికి తీసుకెళ్తాడే ఆ అబ్బాయికి. పొంగే పిండిని మన దగ్గరే పెట్టుకుంటామా?"

గిన్నె పట్టుకుని ఇంటింటికీ

స్టీలు గిన్నె పట్టుకుని బయల్దేరాను. ఇడ్లీ పిండి ఉందా అని అడుక్కుంటూ తిరగడం వింతగానే ఉంది. ఎదురింటావిడ మొత్తం పునుగులేసేసింది. పైగా ఇంకా కాస్త ఇస్తారా అని నన్నే అడిగింది. మూలింటావిడ దగ్గర నిన్న మొన్నటిదాకా ఉందిట.

"మీ అత్తగారే కదండీ ఫోన్ చేసి గ్రహణం, పారబొయ్యమన్నారు!"

ఇక మిగిలింది గుడికి తీసుకెళ్ళే అబ్బాయి, అంటే నవీన్. తలుపు తీసి నా గిన్నె చూసి భయపడ్డాడు.

"మా అత్తయ్య ఇచ్చిన పిండి ఏం చేశావు?"

"సారీ ఆంటీ. తప్పయింది."

"పారేశావా?"

"లే ఆంటీ. చేసుకునుడే రాలె. ఫ్రిజ్ల ఎనకకి పోయింది, మర్చిపోయిన."

జీవితంలో ఒక బద్ధకస్తుణ్ణి చూసి నాకు అంత ఆనందం ఎప్పుడూ కలగలేదు. పచ్చడి సీసాల వెనక, పెరుగు డబ్బా కింద ఉందది. మూత తీస్తే పుల్లటి వాసన గుప్పుమంది. ఆ పులుపు అడుగున ఎక్కడో, చాలా దూరంలో, చక్కెరకేళి ఉన్నట్టు తోచింది. నిజంగా ఉందో, నా ఆశే వాసనొస్తోందో చెప్పలేను. విషయం చెబితే నవీన్ నోరు తెరిచాడు.

"అంటే గా ఇడ్లీ పిండిల బెల్జియం ఉన్నదా ఆంటీ? ఎర్కలేక ఫ్రిజ్ల దాసిన్నా!"

ఇక్కడ కాస్త పని మాట. ఇడ్లీ పిండిలో ఈస్ట్ ఒక్కటే ఉండదు. పులుపునిచ్చే బ్యాక్టీరియా దానికన్నా ఎన్నో రెట్లుంటుంది, అడవి ఈస్ట్‌లు వేరే. బ్యాక్టీరియాని ఆపే మందు కలిపిన అగర్ ప్లేట్ల మీద పిండిని పల్చగా గీశాను. మూడో రోజుకి తెల్లటి చుక్కలు లేచాయి. ఇరవై చుక్కల్ని ఇరవై చిన్న సీసాల మాల్ట్ నీళ్ళలో వేశాను. రోజూ ఉదయం డోనల్ రాకముందే ఒక్కొక్కటీ వాసన చూసేదాన్ని. ఒకటి పాత బూటు. ఒకటి వెనిగర్. అయిదారింటికి ఏ వాసనా లేదు. పన్నెండోది ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అరటిపండు, లవంగం, చివర్లో దోర జామకాయ. సీసా బల్ల మీద పెట్టి, కూర్చుని, మళ్ళీ చూశాను. అదే.

తాళంచెవి

డోనల్ ముందు ఆ సీసా పెట్టాను. ఆయన వాసన చూసి కళ్ళు మూసుకున్నాడు. "వచ్చేసింది," అన్నాడు. అక్కడితో ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఇంట్లో ఏళ్ళ నాటి అబద్ధం, కొట్లో రెండు వారాల అబద్ధం మోస్తున్నాను. అలిసిపోయాను. మొత్తం చెప్పేశాను, పద్నాలుగుసార్లు తిప్పడం దగ్గర్నుంచి దర్భ దాకా.

ఆయన సీసా బల్ల మీద పెట్టాడు. "చెవి ఇవ్వు," అన్నాడు.

ఇచ్చాను. అయిపోయిందనుకున్నాను.

"ఈస్ట్ చచ్చిపోవడం నాకర్థమవుతుంది పద్మా. అవి చస్తాయి. నువ్వు రెండు వారాలు నాకు చెప్పకపోవడం అర్థం కాలేదు."

నెల రోజులు ఫ్రిజ్ తెరవాలంటే ఆయన్ని అడగాల్సి వచ్చింది. అది న్యాయమే. మీలో ఎవరైనా ఇలాంటి తప్పు చేస్తే, చేసిన రోజే చెప్పండి. చచ్చిన ఈస్ట్‌ని ఏదో పిండిలోంచైనా పట్టుకురావచ్చు. ఆ రెండు వారాలు నాకు తిరిగి రాలేదు.

పెళ్ళి బీరు టైముకి అందింది. నెల తర్వాత ఒక ఉదయం తాళంచెవి నా బల్ల మీద ఉంది. ఏ ఈస్ట్ ఎక్కణ్ణుంచి వచ్చిందో రాసే పుస్తకం తెరిస్తే, పాత బెల్జియం పల్లెటూరి పేరు కింద ఆయన చేతిరాతతో ఇంకో వరస ఉంది. "తర్వాత: పద్మ అత్తగారు, నేవన్." ఆ తర్వాత ఆయన ఆ ఈస్ట్‌ని తాళం వేసి దాచడం మానేశాడు. అడిగిన ప్రతి మంచి కస్టమరుకీ ఒక సీసా ఇచ్చి, పేరు రాసుకునేవాళ్ళం. కొట్లో ఏదైనా అయితే అడిగి తెచ్చుకోవడానికి.

ఇంట్లో నిజం చెప్పడానికి ఇంకో వారం ధైర్యం కూడగట్టుకున్నాను. అత్తయ్య కరివేపాకు దూస్తున్నారు.

"అత్తయ్యా, నేను పనిచేసేది రొట్టెల కంపెనీ కాదు. బీరు సామాన్ల కొట్టు."

ఆవిడ చెయ్యి ఆగలేదు. "తెలుసు."

"తెలుసా?"

"నీ కోటు ఉతుకుతోంది ఎవరే? మా పుట్టింటికి నాలుగిళ్ళవతల కల్లు పాక. ఆ వాసన నాకు తెలీదా?"

"మరి తెలిసీ ఇడ్లీ పిండిలో పోశారా?"

"పొంగాలిగా!" అన్నారు. కరివేపాకు దూస్తూనే, "మా నాయనమ్మ రహస్యంగా కల్లు తెప్పించి పిండిలో పోసేది. ఎవరూ అడిగేవాళ్ళు కాదు, ఇడ్లీలు మాత్రం అందరూ తినేవాళ్ళు. నువ్వు రొట్టెన్నావు, సరే రొట్టె అనుకున్నాను. చెప్పుకోవాలనిపించినప్పుడు నువ్వే చెబుతావని ఊరుకున్నా," అన్నారు.

ఇన్ని నెలలు నేను కోటుకి సెంటు కొట్టుకున్నదంతా వృథా.

చివరి సీసా

నేను పని మానేసిన రోజు డోనల్ నాకొక సీసా ఇచ్చాడు. ఆ పెళ్ళి బీరులో మిగిలిన చివరిది. ఆయన కూతురికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. "నువ్వు తాగవని తెలుసు," అన్నాడు, గుండీలు ఆ రోజూ తప్పే పెట్టుకున్నాడు.

బీరు నవీన్‌కి పోశాను. అతనికీ నెత్తిన జుట్టు పల్చబడింది, ఇప్పుడు మేనేజరు. ఒక గుక్క తాగి, "ఆంటీ, ఇది మా ఫ్రిజ్ల పుట్టింది," అన్నాడు. నేను అడుగు మడ్డి దాచుకున్నాను. అంత పాత, ఘాటైన సీసాలో ఈస్ట్ బతికుండటం అరుదు. అలాంటిదానికి ఒకేసారి చిక్కటి మాల్ట్ నీళ్ళు పోస్తే తట్టుకోలేదు. పల్చగా, చెంచాడు చెంచాడుగా పట్టించాలి. ఆరు రోజులు ఏమీ లేదు. ఏడో రోజు ఉదయం అంచున ఒక బుడగ.

నాకిప్పుడు కొట్టు లేదు, ల్యాబ్ లేదు. ఇంట్లోనే ఉంటున్నాను. పప్పు రుబ్బి, ఇడ్లీ రవ్వా ఆ ఈస్టూ కలిపి, గిన్నె హాట్ ప్రెస్‌లో పెట్టాను. మర్నాడు చూస్తే మూత పక్కకి ఒరిగి ఉంది. ఫోన్‌లో వీడియో పెట్టి తెనాలిలో ఉన్న అత్తయ్యకి గిన్నె చూపించాను. ఆవిడకి చూపు తగ్గింది. ఫోన్ ముఖానికి ఆనించుకుని చూశారు.

"పొంగిందటే?"

"పొంగింది అత్తయ్యా."

"ఒక గరిటెడు తీసి పక్కన పెట్టు. ఇంకో గరిటెడు ఎవరికైనా ఇచ్చిరా. అప్పుడు ఇడ్లీలెయ్యి," అన్నారు.